1966 స్పిట్‌ఫైర్ చిల్లర మరమ్మతులు: ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? (చెన్నై)

అడయారు స్పిట్‌ఫైర్

అందరికీ నమస్కారం. మా మేనమామగారి 1966 ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 2 ఈ మధ్యే నా చేతికి వచ్చింది. 1147 సీసీ ఇంజను, రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు, ఇద్దరికి మించి చోటు లేని బండి. మొత్తం విప్పదీసి ప్రదర్శనలకు పెట్టే ఉద్దేశం నాకు లేదు. ఆదివారం పొద్దున్నే తిరువాన్మియూరు దాటి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం దాకా వెళ్లి, ఎండ ముదిరేలోగా ఇల్లు చేరితే చాలు.

ఇబ్బందంతా చిల్లర మరమ్మతులతోనే. బయలుదేరిన అరగంటకు, అందులోనూ సిగ్నళ్ల దగ్గర, ఇంజను దగ్గి దగ్గి ఆగిపోతుంది. పది నిమిషాలు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ అందుకుంటుంది. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక లైటు కూడా దానితోపాటు మిణుకుమంటుంది. పొద్దున షెడ్డు తలుపు తీయగానే పెట్రోలు వాసన. స్టీరింగ్ మునుపటికంటే బరువెక్కింది, స్పీడుబ్రేకర్ ఎక్కితే ఎడమ ముందు చక్రం దగ్గర 'టక్'మని చప్పుడు. ఇవి కాక నేల మీద నూనె చుక్కలు.

దగ్గరలోని ఒక గ్యారేజీలో చూపిస్తే, వైరింగ్ మొత్తం మార్చాలి, రెండు కార్బొరేటర్లూ తీసేసి కొత్త రకం ఒకటి బిగిద్దాం అన్నారు. లెక్క వేసి ఇచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. వీటిలో ఏది ముందు, ఏది తర్వాత?

లేత్ మాస్టర్ (అంబత్తూరు)

కార్బొరేటర్ సంగతి తర్వాత. ఆ ఎడమ చక్రం చూసేదాకా బండిని గేటు దాటించకండి. మిగతావన్నీ మిమ్మల్ని రోడ్డు మీద నిలబెడతాయి. ఇది రోడ్డు మీద పడేస్తుంది.

స్పిట్‌ఫైర్‌లో ముందు చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కడ్డీకి కింది కొసన మర, అంటే స్క్రూ చుట్లు, ఉంటుంది. ఆ మర ఒక ఇత్తడి దిమ్మలోకి దిగి ఉంటుంది. ఆ దిమ్మనే ట్రనియన్ అంటారు. మీరు స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ ఉక్కు మర ఆ ఇత్తడిలో తిరుగుతుంది. లోపల నూనె ఎండిపోతే మొదట స్టీరింగ్ బరువెక్కుతుంది. తర్వాత నీరు చేరి మర తుప్పు పడుతుంది. ఆ తర్వాత ఒకరోజు కడ్డీ తెగి, చక్రం ముడుచుకుపోయి బండి ఒక పక్కకు కూలబడుతుంది. చాలామందికి ఇది పార్కింగ్‌లో, నెమ్మదిగా, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడే జరిగింది. ఈసీఆర్ మీద జరిగితే ఏమిటన్నది మీరే ఊహించుకోండి.

ముందు జాకీ ఎత్తి, తప్పకుండా స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట, అంటే వదులు కదలిక, కనిపిస్తే లోపల ఎవరినైనా కూర్చోబెట్టి బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోయిందంటే అది వీల్ బేరింగ్‌ది. పోలేదంటే ట్రనియన్ వైపు చూడాలి. ఆట లేకపోయినా సంతోషపడిపోకండి, లోపలి తుప్పు ఊపితే తెలియదు.

జేసీ రోడ్డు (బెంగళూరు)

మాస్టర్ గారు కొంచెం ఎక్కువ భయపెడుతున్నారనిపిస్తోంది. నా దగ్గరా ఇదే రకం అమరిక ఉన్న బండి ఉంది. రెండు మూడు నెలలకోసారి గ్రీజు గన్‌తో గ్రీజు కొట్టిస్తాను. ఇన్నేళ్లలో ఇబ్బంది రాలేదు. గ్రీజు అయితే నిలబడుతుంది, నూనె కారిపోతుంది కదా?

లేత్ మాస్టర్ (అంబత్తూరు)

కారిపోవాలనే నూనె పోయమన్నారు. ట్రయంఫ్ వాళ్ల సొంత పుస్తకంలోనే అక్కడ హైపాయిడ్ గేరు నూనె పోయమని ఉంది, అంటే మన ఈపీ 90. గ్రీజు నిపుల్ (గన్ తగిలించే చిన్న మొన) దగ్గర ముద్దగా నిలబడుతుంది, మర పొడవునా పాకదు. కొన్నాళ్లకు గట్టిపడి దారి మూసేస్తుంది. అప్పుడు మీరు గన్ ఎంత నొక్కినా కొత్త గ్రీజు పక్కల నుంచి బయటికి వస్తుంది తప్ప మరకు అందదు. బయటికి వచ్చింది చూసి మనం నిండిందనుకుంటాం.

తరచుగా కొట్టేవాళ్లకు గ్రీజుతోనూ నడిచిపోతుంది, కాదనను. కానీ తరచుగా కొట్టేవాళ్లు ఎందరు?

జేసీ రోడ్డు (బెంగళూరు)

పక్కల నుంచి వచ్చేస్తుందన్న మాట నిజమే, నా బండిలోనూ చూశాను. అయినా నూనెతో నాకున్న చిక్కు వేరు. గ్రీజు గన్‌లో నూనె పోస్తే కొట్టేలోపే సగం చొక్కా మీదికి వస్తుంది.

లేత్ మాస్టర్ (అంబత్తూరు)

పాత గన్ ఒకటి దీనికోసమే విడిగా పెట్టుకోండి. దానితోపాటు పాత చొక్కా కూడా. కింద ఉన్న చిన్న బోల్టు విప్పి నిపుల్ బిగించి, పైన రబ్బరు దగ్గర నూనె కనిపించేదాకా కొట్టాలి. మొదట గోధుమరంగు నీళ్లు వస్తాయి. శుభ్రమైన నూనె వచ్చేవరకు ఆపకూడదు. చెన్నైలో ఈశాన్య రుతుపవనం అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి సెప్టెంబరులో ఒకసారి, వానలు పోయాక జనవరిలో ఒకసారి చేస్తే సరిపోతుంది.

హెరాల్డింటి కోడలు (పెరంబూరు)

మగవాళ్లంతా నూనె దగ్గరే ఆగిపోయారు. విడిభాగాల సంగతి నేను చెబుతాను.

స్పిట్‌ఫైర్ పుట్టింది ట్రయంఫ్ వాళ్లదే హెరాల్డ్ అనే కారు చాసిస్‌ను కుదించి. రెండింటి రూపకర్తా ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొత్తీయే. హెరాల్డ్‌ను 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారుచేసింది ఎక్కడో కాదు, మన వండలూరు దగ్గరి స్టాండర్డ్ మోటార్స్ ఫ్యాక్టరీలో. అంటే మీ బండి కోవెంట్రీలో పుట్టినా దాని పెదనాన్న కొడుకులు చెన్నై చుట్టూ తిరిగినవాళ్లే. మా మామగారు ఆ హెరాల్డ్ మీదే మా ఆయనకు డ్రైవింగ్ నేర్పారు. సుమారు 25 అడుగుల వలయంలో తిరిగిపోయే బండి అది. మైలాపూరు సందుల్లో ఇప్పటికీ దానికి సాటి లేదు.

దీనివల్ల మీకు లాభం ఏమిటంటే, ముందు చక్రాల దగ్గరి నైలాన్ బుష్‌లు, రబ్బర్లు, తలుపు సామాను, స్విచ్చుల్లాంటివి కొన్ని హెరాల్డ్‌వి పనికొస్తాయి. అన్నీ కాదు. మన హెరాల్డ్ 948 సీసీ, ముందు డ్రమ్ బ్రేకులు. మీది 1147, ముందు డిస్కులు. అందుకని పాత భాగం చేతిలో పట్టుకుని, మీద ఉన్న నంబరు చదివి, పక్కపక్కన పెట్టి కొలిచాకే కొనండి. పుదుపేటలో అడిగితే హెరాల్డ్ పేరు గుర్తుపట్టే పెద్దవాళ్లు ఇంకా ఒకరిద్దరు ఉన్నారు. కొత్త సామాను, అంటే పాయింట్లు (నిప్పురవ్వ కోసం కరెంటును కలిపి తెంచే ముక్కలు), గొట్టాలు, క్లిప్పులు, బల్బులయితే జనరల్ ప్యాటర్స్ రోడ్డు.

ఒక్కటి మాత్రం పాతది కొనకండి: మాస్టర్ గారు చెప్పిన ఆ నిలువు కడ్డీ. వేరే బండిలోంచి తీసిన దాని తుప్పు చరిత్ర ఎవరికి తెలుసు?

లేత్ మాస్టర్ (అంబత్తూరు)

అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. ఇంకో మాట: "మా దగ్గర లేత్ మీద ట్రనియన్ చేసిపెడతాం" అని ఎవరైనా అంటే, నా వృత్తివాళ్లయినా సరే, దండం పెట్టి వచ్చేయండి. ఏ ఇత్తడో తెలియని కడ్డీలోంచి కోసిన దిమ్మ మీద మీ ప్రాణం పెట్టనక్కర్లేదు. బుష్‌లు, స్పేసర్లు, తలుపు పిడుల పిన్నులు లేత్ మీద హాయిగా చేయించుకోవచ్చు.

ఎర్త్‌వైరు (వేళచ్చేరి)

ఇండికేటర్‌తో వెనక లైటు మిణుకుమనడం వైరింగ్ మార్చాల్సిన జబ్బు కాదు. ఎర్త్ పోయింది. ఆ లైటు గిన్నెకు, బాడీకి మధ్య తుప్పు చేరితే కరెంటుకు తిరిగివెళ్లే దారి ఉండదు. అప్పుడది పక్క బల్బు ఫిలమెంట్ గుండా దారి వెతుక్కుంటుంది. అందుకే రెండూ కలిసి మిణుకుమంటాయి. లైటు విప్పి, తాకే చోట ఎమరీ కాగితంతో మెరిసేలా రుద్ది, వాసెలిన్ రాసి బిగించండి. ఇంకా నమ్మకం కుదరకపోతే గిన్నె నుంచి చాసిస్‌కు విడిగా ఒక నల్ల వైరు లాగండి. సాయంత్రం కాఫీ చల్లారేలోపు అయిపోయే పని.

ఆ కాలం బ్రిటిష్ వైరింగ్ నిజానికి చాలా క్రమబద్ధం. గోధుమరంగు ఎప్పుడూ కరెంటు ఉండేది. తెలుపు తాళం తిప్పితే వచ్చేది. ఆకుపచ్చ, తాళం తిప్పాక ఫ్యూజు గుండా వచ్చేది. ఎరుపు పక్క లైట్లకూ వెనక లైట్లకూ, నీలం హెడ్‌లైట్లకు, నలుపు ఎర్త్. రంగు వెలిసినా, బట్ట చుట్టు లోపల ఉన్న చోట కొంచెం గీకితే అసలు రంగు తెలుస్తుంది. అన్నీ పీకేసి ఒకే రంగు వైరుతో కొత్తగా లాగేవాళ్లకు బండి ఇవ్వకండి. ఆ తర్వాత దాన్ని ఎవరూ బాగుచేయలేరు.

ఫ్యూజుల గురించి ఒక హెచ్చరిక. పాత లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే, అది 35 ఆంపియర్ల దగ్గర కాలిపోతుందని అర్థం. నిలకడగా మోసేది దాదాపు 17 మాత్రమే. ఇప్పుడు అంగట్లో దొరికే రకం మీద 35 అని ఉంటే అది నిలకడగా మోసే లెక్క. అంకె చూసి అదే వేస్తే ఫ్యూజు క్షేమంగా ఉంటుంది, వైరు కాలుతుంది.

రెండో గేరు (కొత్త సభ్యుడు)

మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. నాదీ ఆ కాలం బండే, ఇంకా పాజిటివ్ ఎర్త్. ఫోను చార్జరు సాకెట్ పెట్టుకోవచ్చా?

ఎర్త్‌వైరు (వేళచ్చేరి)

అలాగే పెడితే కుదరదు. మీ బండిలో బాడీ అంతా పాజిటివ్. సాకెట్ బయటి లోహపు చుట్టు నెగటివ్. అది డ్యాష్‌బోర్డు లోహానికి తగిలిందంటే నేరుగా షార్టే. ప్లాస్టిక్ పెట్టెలో, లోహానికి తగలకుండా, సొంత ఫ్యూజుతో, వైర్లు తారుమారు చేసి పెట్టుకోవచ్చు. పక్కవాళ్లు కూర్చుని ఫోను కేబులు లోహం మీద వేలాడేశారంటే మళ్లీ భయమే.

బండినే నెగటివ్ ఎర్త్‌కు మార్చడం అంత కష్టమేమీ కాదు. బ్యాటరీ తిప్పి, కాయిల్ మీది రెండు వైర్లు మార్చి, డైనమోకు కొత్త ధ్రువం నేర్పాలి. దానికి డైనమో దగ్గర రెండు వైర్లూ విప్పి, బ్యాటరీ కరెంటు కొన నుంచి ఒక వైరు తెచ్చి 'ఎఫ్' అన్న చిన్న కొనకు క్షణంపాటు తాకించి తీసేస్తే చాలు. స్టార్టరుకు, బల్బులకు ఏ వైపు అయినా ఒకటే. ఎలక్ట్రానిక్ సామాను ఏదైనా బిగించి ఉంటే మాత్రం ముందే విప్పేయండి. మార్చిన తర్వాత బ్యాటరీ పక్కన పెద్ద అక్షరాలతో రాసి అంటించండి, రేపు ఎవరో జంప్ స్టార్ట్ ఇవ్వడానికి వస్తారు.

జేసీ రోడ్డు (బెంగళూరు)

ఆగిపోయే జబ్బుకు వద్దాం. వేడెక్కాక ఆగి, చల్లారాక నడవడమంటే నలుగురు అనుమానితులు: ప్లగ్గుకు నిప్పురవ్వ పుట్టించే వైపు కండెన్సర్, కాయిల్, పెట్రోలు ఆవిరై గొట్టంలో అడ్డుపడటం, ట్యాంకు మూత గాలిరంధ్రం మూసుకుపోవడం. అందరూ మొదట పెట్రోలు పంపు మీద పడతారు, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది.

ఏదో ఒకటి మార్చి చూద్దామనుకోకండి. ఆగిన చోటే, చల్లారకముందే చూడాలి. ముందు ట్యాంకు మూత తెరవండి. 'స్స్' మని గాలి లోపలికి పీల్చుకుంటే దొంగ దొరికినట్టే. లేకపోతే ఒక ప్లగ్గు తీసి, వైరు తగిలించి, ఇంజను మీద పడుకోబెట్టి సెల్ఫ్ కొట్టించండి. దగ్గరలో పెట్రోలు తడి లేదని చూసుకున్నాకే. నిప్పురవ్వ నీలంగా, చిటుక్కున దూకితే కరెంటు వైపు బాగున్నట్టు, పెట్రోలు వైపు వెళ్లండి. పసుపుగా నీరసంగా ఉన్నా, అసలు లేకపోయినా కండెన్సర్, కాయిల్. ఆ క్రమంలోనే, ఎందుకంటే కండెన్సర్ చవక.

అడయారు స్పిట్‌ఫైర్

అందరికీ చాలా ధన్యవాదాలు. కొన్ని కబుర్లు.

వెనక లైటు ఎర్త్ రుద్దగానే సరిపోయింది. ఆ కాగితం మీద వైరింగ్‌కు వేసిన అంకె గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నిన్న సర్దార్ పటేల్ రోడ్డులో బండి ఆగింది. మొదటిసారి సంతోషంగా ఆగనిచ్చాను. మూత తీశాను, చప్పుడేమీ లేదు. ప్లగ్గు తీసి చూస్తే రవ్వ లేదనే చెప్పాలి, పసుపుగా ఒకటీ అరా. పక్కన కొబ్బరిబోండాలు అమ్మే పెద్దాయన కూడా వంగి చూసి పెదవి విరిచారు. కొత్త కండెన్సర్ వేశాక అదే దారిలో, అదే ఎండలో రెండు గంటలు తిరిగినా ఆగలేదు.

ఎడమ ట్రనియన్‌లో మాస్టర్ గారు చెప్పినట్టే మొదట గోధుమరంగు నీళ్లు, తర్వాత గట్టిపడిన గ్రీజు తునకలు వచ్చాయి. ఇప్పుడు స్టీరింగ్ తేలికయింది. 'టక్' మాత్రం పోలేదు. ఆట కూడా లేదు. ఇక వదిలేయవచ్చా?

లేత్ మాస్టర్ (అంబత్తూరు)

వదిలేయకూడదు. నీళ్లు వచ్చాయన్నారు. నీళ్లు ఎంతకాలంగా ఉన్నాయో మీకు తెలియదు, నాకూ తెలియదు. ఒకసారి విప్పి మర చూడండి. గుంటలు పడి ఉంటే కడ్డీ, ట్రనియన్ రెండూ జతగా మార్చాలి. అరిగిన మరకు కొత్త దిమ్మ వేస్తే కొత్తది కూడా పాడవుతుంది.

తిరిగి బిగించేటప్పుడు రెండు సంగతులు. ఎడమ, కుడి మరలు ఒకదానికొకటి ఎదురు, కలిపేయకండి. కడ్డీని దిమ్మలో చివరిదాకా బిగించి అలాగే వదలకూడదు. చివరిదాకా వెళ్లాక కొద్దిగా వెనక్కి తిప్పి, స్టీరింగ్ ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగినా ఎక్కడా అడుగుకు తట్టకుండా చూసుకోవాలి. తట్టిందంటే మీ చేత్తోనే కడ్డీని మెలిపెట్టి విరుస్తున్నట్టు.

'టక్' చప్పుడు సాధారణంగా షాక్ అబ్జార్బర్ కింది రబ్బరుది. ఎలాగూ విప్పుతారు కాబట్టి అది కూడా చూడండి.

హెరాల్డింటి కోడలు (పెరంబూరు)

పానాలు ఏవి వాడుతున్నారు? ఈ బళ్లన్నీ అంగుళాల లెక్క. అర అంగుళం తల అంటే 12.7 మిల్లీమీటర్లు, దాని మీద 13 పానా పెట్టి తిప్పితే మూలలు గుండ్రమైపోతాయి. ముప్పావు అంగుళానికి 19 సరిగ్గా పడుతుంది, 7/16కు 11 కొంచెం బిగుతుగా ఎక్కుతుంది. మిగతావాటికి ఏఎఫ్ (అంగుళాల కొలత) అని రాసి ఉన్న సెట్ ఒకటి కొనుక్కోండి. మా ఇంట్లో మామగారి సెట్ ఎవరికీ అరువివ్వరు, నాకు కూడా అడిగితేనే.

రెండో గేరు (కొత్త సభ్యుడు)

పాయింట్లు, కండెన్సర్ గొడవంతా ఎందుకు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేస్తే పోతుంది కదా? పాజిటివ్ ఎర్త్‌కు కూడా దొరుకుతున్నాయట.

జేసీ రోడ్డు (బెంగళూరు)

నేను పెట్టుకున్నాను, బాగుంది. పాయింట్ల సందు మాటిమాటికీ సరిచేసే పని తప్పింది. పాత పాయింట్ల పలక మాత్రం సందు సరిచేసి డిక్కీలో పెట్టుకున్నాను.

లేత్ మాస్టర్ (అంబత్తూరు)

పాయింట్లు పోయేముందు చెప్పి పోతాయి, ఎలక్ట్రానిక్ పెట్టె చెప్పకుండా పోతుంది. పాయింట్లయితే రోడ్డు పక్కన గీకి, 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు 15) సందు పెట్టి ఇల్లు చేరవచ్చు. డిక్కీలో పాత పలక పెట్టుకున్న జేసీ రోడ్డు గారికి ఈ సంగతి తెలుసనే అనుకుంటున్నాను.

అడయారు గారూ, కొత్త కండెన్సర్లలో నాణ్యత లేనివి ఎక్కువగా వస్తున్నాయి. ఇప్పుడు బాగా పనిచేస్తున్నది తీయకండి, ఇంకొకటి కొని బండిలోనే ఉంచండి. కొనేముందు డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) మీద లూకాస్ అని ఉందా డెల్కో అని ఉందా చదవండి. ఒకదాని సామాను ఇంకొకదానికి పట్టదు.

అడయారు స్పిట్‌ఫైర్

డెల్కో. అంగడిలో మొదట లూకాస్‌ది చేతిలో పెట్టారు, పక్కన పెట్టి చూస్తే తెలిసింది.

పొద్దున పూట పెట్రోలు వాసన గురించి ఎవరూ చెప్పలేదు.

జేసీ రోడ్డు (బెంగళూరు)

రెండు చోట్ల చూడండి. ఒకటి, కార్బొరేటర్ ఫ్లోట్ గిన్నెలో సూది వాల్వు. అక్కడ ఇసుకరేణువంత మురికి చేరినా పెట్రోలు పొంగి బయటికి వస్తుంది. రెండు, రబ్బరు గొట్టాలు.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఫిబ్రవరిలో మా బెంగళూరులోనే దాన్ని విడుదల చేశారు, ఇప్పుడు దేశమంతా అదే. 1966లో బిగించిన రబ్బరు, ఫెల్ట్, పంపు డయాఫ్రం ఏవీ 20 శాతం ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. గొట్టం బయటికి బాగానే కనిపిస్తుంది, లోపలి పొర ఉబ్బి పొరలుగా రాలి వెళ్లి అదే సూది వాల్వులో ఇరుక్కుంటుంది. ఆర్9 అని అచ్చువేసిన ఇంధన గొట్టం కొని, ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా రబ్బరు ముక్కలన్నీ ఒకేసారి మార్చండి. పంపుకు ఇథనాల్‌ను తట్టుకునే డయాఫ్రం కిట్ దొరుకుతుంది. పంపు మీద గాజు గిన్నె ఉంటే అడుగున నీళ్లు చేరాయేమో చూస్తుండండి, ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది. చెన్నై గాలిలో తేమకు కొదవలేదు కదా. నెలల తరబడి బండి తీయనప్పుడు ట్యాంకులో పెట్రోలు పాతబడనివ్వకండి.

వాసన పోయేదాకా షెడ్డులో దీపం, అగరువత్తి ఏవీ వద్దు. శుక్రవారం పూజ బండికి బయటే చేయండి.

హెరాల్డింటి కోడలు (పెరంబూరు)

గొట్టాలు మార్చాక రెండు కార్బొరేటర్ల మిశ్రమం ఒకసారి చూసుకోండి. ఎస్‌యూలో ఇది చాలా హాయి. ఇంజను బాగా వేడెక్కాక, పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు లోపే పైకెత్తండి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ. వెంటనే పడిపోతే తక్కువ. క్షణం పెరిగినట్టుండి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ఒకటి చూసి రెండోది, మళ్లీ మొదటిది. పైన నల్లమూత విప్పి డ్యాష్‌పాట్‌లో (పిస్టన్ మీది గిన్నెలో) నూనె ఉందో లేదో చూడటం మర్చిపోకండి. అది లేకపోతే యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజను తడబడుతుంది, అందరూ కార్బొరేటరే పోయిందంటారు.

రెండో గేరు (కొత్త సభ్యుడు)

ఈ బళ్లకు వింటేజ్ నంబరు ప్లేటు తీసుకోవచ్చా? తీసుకుంటే ఇంజను మార్చుకోవచ్చా?

నిర్వాహకులు

దీనికి వేరే చర్చ ఉంది, ఇక్కడ క్లుప్తంగా చెబుతున్నాం. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని బండికి 'వీఏ' అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు, తర్వాత పునరుద్ధరణకు 5,000. చాసిస్, బాడీ, ఇంజన్లను గణనీయంగా మార్చి ఉండకూడదు. ఆ నంబరు తీసుకున్నాక ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోలు వంటి అవసరాలకు తప్ప రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. మిగతా ప్రశ్నలు ఆ చర్చలో అడగండి.

అడయారు స్పిట్‌ఫైర్

ఎడమ వైపు విప్పాను. ఫొటో పెడుతున్నాను. మర పైభాగం నున్నగా ఉంది, కింద గుంటలు. షాక్ అబ్జార్బర్ రబ్బరు పొడి అయిపోయి చేతిలో రాలింది, 'టక్' దానిదే. కడ్డీ, ట్రనియన్ జతలు రెండు వైపులకూ బ్రిటన్ నుంచి తెప్పించాను. సామాను ఖరీదుకంటే కొరియరు, సుంకం కలిపి ఎక్కువయ్యాయి. రెండు వైపులా ఒకేసారి తెప్పించడం మంచిదయింది, కుడివైపూ ఇంచుమించు ఇంతే.

లేత్ మాస్టర్ (అంబత్తూరు)

ఫొటో చూశాను. మూడో మర దగ్గర అడ్డంగా సన్నటి గీత కనిపిస్తోంది, అది తుప్పు గీత కాకపోవచ్చు. ఆ కడ్డీని పారేయకండి, కానీ ఎవరికీ అమ్మకండి కూడా.

ఇంకొకటి, మీ ఇంజనుకు సంబంధించి. ఈ ఇంజన్లలో క్రాంక్‌షాఫ్టును ముందుకూ వెనక్కూ కదలకుండా ఆపేవి రెండు అర్ధచంద్రాకారపు వాషర్లు. క్లచ్ తొక్కినప్పుడల్లా బరువు వాటి మీదే పడుతుంది. అరిగి జారిపోయాయంటే ఇంజను బ్లాకే దెబ్బతింటుంది. ఇంజను ఆపి, ఒకరు క్లచ్ తొక్కి వదులుతుంటే మీరు ముందు పుల్లీ చూడండి. అది కంటికి తెలిసేంత ముందుకీ వెనక్కీ కదిలితే కొలిపించాలి. మధ్యకైలాష్ సిగ్నల్ దగ్గర గేరులో పెట్టి క్లచ్ తొక్కిపట్టుకుని కూర్చోకండి. న్యూట్రల్ చేసి కాలు తీసేయండి.

అడయారు స్పిట్‌ఫైర్

చూశాను మాస్టర్ గారూ, పుల్లీ కదలిక కంటికి తెలియనంత. క్లచ్ మాట గుర్తుపెట్టుకుంటాను, ఆ సిగ్నల్ ఎంతసేపు పడుతుందో అందరికీ తెలుసు.

ఇక మిగిలింది నూనె చుక్కలు. ఇంజను పైమూత దగ్గర తడిగా ఉంది.

ఎర్త్‌వైరు (వేళచ్చేరి)

పైమూత కింద కార్క్ గాస్కెట్ ఉంటుంది. కారుతోందని ఇంకాస్త బిగిస్తే రేకు మూత వంగి ఇంకా కారుతుంది. మూత తీసి, అంచు చదునైన బల్ల మీద పెట్టి సరిచేసి, కొత్త కార్క్ వేసి, చేతికి ఆగేంత మాత్రం బిగించండి.

గేరుబాక్సులో నూనె మార్చేటప్పుడు ఈపీ 90 అయినా జీఎల్-4 అని ఉన్నదే పోయండి. జీఎల్-5 కొన్ని రకాలు లోపలి ఇత్తడి రింగులకు మంచివి కావు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నీళ్లు మా వీధిలో చక్రాల మధ్యదాకా వచ్చాయి. అప్పటి నుంచి వరద తగ్గగానే నేను మొదట చేసేది ట్రనియన్లలో నూనె కొట్టడం, గేరుబాక్సు, డిఫరెన్షియల్ నూనె తెల్లబడిందేమో చూడటం. తర్వాతే సెల్ఫ్.

హెరాల్డింటి కోడలు (పెరంబూరు)

అడయారు గారూ, విప్పిన పాత కుడి ట్రనియన్, నైలాన్ బుష్‌లు ఒకసారి చూడనిస్తారా? మా హెరాల్డ్‌వి పక్కన పెట్టి కొలుస్తాను. సరిపోతే ఈసారి రెండు ఇళ్లకూ కలిపి ఒకే పార్సిల్‌లో తెప్పించుకోవచ్చు, కొరియరు ఖర్చు సగం అవుతుంది.

అడయారు స్పిట్‌ఫైర్

శనివారం మధ్యాహ్నం పెరంబూరు వైపు వస్తున్నాను, తెస్తాను. వెర్నియర్ నా దగ్గర లేదు, మీ మామగారి దగ్గర ఉంటే అడిగి ఉంచండి.